ఎస్టీ అయితే చాలదు, సీటు ఏదో కూడా చూడాలి



మన ఊళ్లల్లో ఒక మాట బాగా పాతుకుపోయింది. "మనం ఎస్టీలం కదా, ఏం చదివినా గవర్నమెంటే కడతాది." అమ్మానాన్నలు అంటారు, ఊరి పెద్దలు అంటారు, ఆశ్రమ పాఠశాలలో మాకు చదువు చెప్పిన సార్లు కూడా కొందరు అంటారు. ఆ నమ్మకమే లేకపోతే మాలో సగం మంది పదో తరగతితో ఆగిపోయి జీడిమామిడి తోటల్లోకో, పొగాకు బ్యారన్ల దగ్గరికో పనికి పోయేవాళ్లం. అందుకని ఆ మాటని వెక్కిరించడానికి మాకు నోరు రాదు. కాకపోతే అది సగమే నిజం. గవర్నమెంటు డబ్బు మనిషిని చూసి ఒకసారి, మనిషి కూర్చున్న సీటుని చూసి ఇంకోసారి లెక్క కడతాది. రెండూ కలిస్తేనే ఫీజు పడతాది. రెండో లెక్క గురించి మన ఊళ్లల్లో ఎవరూ మాట్లాడరు. అందుకే ఈ పోస్టు.

ఇది రాస్తున్న మేం ఏడుగురం. భీమవరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదువుతున్నాం. బుట్టాయగూడెం, పోలవరం, వేలేరుపాడు వైపు నుంచి వచ్చిన కోయ, కొండరెడ్డి పిల్లలం కొందరం, ఈ డెల్టాలోనే కాలవ గట్ల మీద పుట్టిన ఎరుకల, యానాది పిల్లలం కొందరం. ఏడిళ్లలోనూ కాలేజీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. ఇంటర్ ఫలితాలు వచ్చాక రెండు నెలలు మా గది ఒక చిన్న ఆఫీసులాగే ఉంటాది. అందరూ అడిగేది ఒక్కటే. ఫలానా కోర్సుకి వస్తాదా, రాదా?

మొదట మనిషి లెక్క. ఇది చాలామందికి తెలిసిందే కాబట్టి తొందరగా చెప్పేస్తాం. కుల ధ్రువీకరణ ఉండాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి. విద్యా దీవెన అని పేరు పెట్టినప్పుడు వచ్చిన షరతుల్లో మాగాణి 10 ఎకరాల లోపు, మెట్ట 25 ఎకరాల లోపు అన్నారు. ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టే మనిషి, కారు ఉండకూడదు. పారిశుధ్య కార్మికులకి మినహాయింపు ఉంది, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఉన్నా ఇబ్బంది లేదు. హాజరు 75 శాతం ఉండాలి. మాలో ఎవరింట్లోనూ ఇవి దాటే పరిస్థితి లేదు. యానాది కుటుంబాలకి మాత్రం అసలు కుల ధ్రువీకరణ చేతికి రావడమే పెద్ద పని. అది వేరే పోస్టు అవ్వుద్ది.

పేర్లు మారుతూ ఉంటాయి. ఈ-పాస్ అన్నారు, జ్ఞానభూమి అన్నారు, 2019 తర్వాత విద్యా దీవెన, వసతి దీవెన అన్నారు, ఇప్పుడు మళ్లీ ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ అంటున్నారు. మన ఊళ్లో మాత్రం అన్నీ స్కాలర్‌షిప్పే. వీటన్నిటి కింద ఉన్న పునాది కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. అది 1944-45లో ఎస్సీలకి మొదలై 1948-49 నుంచి ఎస్టీలకీ వచ్చింది. ఎస్టీల విషయంలో ఖర్చులో 75 పైసలు కేంద్రానివి, 25 పైసలు రాష్ట్రానివి. కాబట్టి ఏ ప్రభుత్వం వచ్చి ఏ పేరు పెట్టినా ఎవరూ జేబులోంచి తీసి ఇవ్వడం లేదని మాలో పొలిటికల్ సైన్స్ చదివేవాడు రోజూ గుర్తు చేస్తుంటాడు.

ఇక సీటు లెక్క. ఇందులో మూడు ప్రశ్నలు ఉన్నాయి. కోర్సుకి గుర్తింపు ఉందా? ఆ కాలేజీలో ఆ కోర్సు ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కిందా? నువ్వు ఆ సీట్లోకి ఏ దారిలో వచ్చావు? మన పిల్లలు ఎక్కువగా దెబ్బ తినేది మూడోదాని దగ్గర. అందుకని ముందు దాన్నే చెప్తాం.

జీలుగుమిల్లి వైపు ఒక చెల్లి ఉంది. పేరు, ఊరు చెప్పం, ఆమె చెప్పొద్దంది. ఇంటర్ మంచి మార్కులతో పాసయ్యింది. మే నెలలోనే ఒక కాలేజీ పీఆర్వో బైకేసుకుని ఊళ్లోకి వచ్చాడు. ఈ పీఆర్వోలకి ఒక్కో పిల్లకీ ఇంత అని ముడతాదని అందరికీ తెలుసు. "బాబాయ్, నువ్వు రూపాయి కట్టక్కర్లేదు. మీకు స్కాలర్‌షిప్పే కదా. హాస్టల్ కూడా మేమే చూసుకుంటాం. సర్టిఫికెట్లు ఇస్తే సీటు రిజర్వ్ చేసేస్తా" అన్నాడు. వాళ్ల నాన్న ఒరిజినల్స్ ఇచ్చేశాడు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, అన్నీ. ఆ పిల్ల బీఎస్సీలో చేరింది. కాలేజీ ఉంది, క్లాసులు జరుగుతున్నాయి, లెక్చరర్లు బానే చెప్తున్నారు. మోసం అని అనుమానం రావడానికి కంటికి ఏమీ కనపడదు. డిసెంబర్‌లో జ్ఞానభూమి జాబితా పెట్టారు. అందులో ఆమె పేరు లేదు. ఆఫీసులో అడిగితే, "అమ్మా, నీది కన్వీనర్ సీటు కాదు, మేనేజ్‌మెంట్ సీటు. దానికి రాదు. ఫీజు 28 వేలు కట్టాలి" అన్నారు.

ఇక్కడ విషయం అర్థం చేసుకోండి. 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్ అయ్యాయి. దాన్ని ఓఏఎండీసీ అంటారు. ఆ తర్వాత ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా అని విడగొట్టారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ 70 శాతంలో వచ్చిన వాళ్లకే. ఇంజనీరింగ్‌లో అయితే ఈ సంగతి అందరికీ తెలుసు, అక్కడ మేనేజ్‌మెంట్ సీటంటే డబ్బున్నోళ్లు కొనుక్కునేదని చిన్నపిల్లలు కూడా చెప్తారు. డిగ్రీలో కూడా అలాంటి సీటు ఉంటాదని మన ఊళ్లల్లో ఎవరికీ తెలియదు. ఒకే క్లాసు, ఒకే బెంచీ, ఒకే లెక్చరర్. పక్కన కూర్చున్న పిల్లకి గవర్నమెంటు కడతాది, ఈ పిల్లకి కట్టదు. ఇద్దరూ ఎస్టీలే. కౌన్సెలింగ్ అయిపోయాక మిగిలిపోయిన సీట్లకి స్పాట్ అడ్మిషన్ అని పెడతారు చూడండి, దానికీ ఇదే పరిస్థితి.

ఆ 28 వేల కోసం వాళ్లమ్మ రెండు మేకలు అమ్మింది. అయినా సరిపోలేదు. ఆ పిల్ల ఫిబ్రవరిలో చదువు ఆపేసి ఇంటికి వచ్చేసింది. ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కాలేజీ కూర్చుంది. మాలో నలుగురం ఆమెతో కలిసి వెళ్లాం. యూజీసీ 2018 అక్టోబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ఒకటి ఉంది. పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదు, చూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలి అని అందులో రాసి ఉంటాది. దాన్ని ప్రింటు తీయించి చూపించాం. మొదటిసారి కుదరదన్నారు. రెండోసారి ప్రిన్సిపాల్ లేరన్నారు. మూడోసారి ఇచ్చారు. మరుసటి ఏడాది ఆమె ఓఏఎండీసీలో తనే ఆప్షన్లు పెట్టుకుంది, కన్వీనర్ సీటు వచ్చింది. ఒక సంవత్సరం, రెండు మేకలు పోయాయి.

అందుకని తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ గట్టిగా చెప్తున్నాం. అలాట్‌మెంట్ ఆర్డర్ అని ఒక కాగితం ఉంటాది. డిగ్రీకి ఓఏఎండీసీ నుంచి, ఇంజనీరింగ్‌కి ఈఏపీసెట్ నుంచి, పాలిటెక్నిక్‌కి పాలిసెట్ నుంచి, డిప్లొమా అయ్యాక బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లేవాళ్లకి ఈసెట్ నుంచి, బీఈడీకి ఎడ్‌సెట్ నుంచి వస్తాది. ఆ కాగితం మీ చేతిలో, మీ పేరుతో, ఆ కాలేజీ పేరుతో ఉంటేనే మీరు సరైన దారిలో వచ్చినట్టు. అది లేకుండా ఎవరు ఏం చెప్పినా ఒరిజినల్స్ ఇవ్వొద్దు. పీఆర్వో మంచోడా చెడ్డోడా అన్నది మనకి అనవసరం. కొందరు మన కులపోళ్లే ఉంటారు, బంధువులే ఉంటారు. "ఆప్షన్లు మేం పెడతాం, ఓటీపీ చెప్పు" అంటారు. ఓటీపీ చెప్తే మీ సీటు వాళ్ల చేతుల్లోకి పోయినట్టే. బుట్టాయగూడెంలో నెట్ సెంటర్ ఉంది, సచివాలయం ఉంది, మేం ఫోన్లో ఉన్నాం.

ఇంకో మాట ఉంది, అది పీఆర్వోల కంటే ఎక్కువ నష్టం చేస్తాది. అది "స్కాలర్‌షిప్" అన్న మాటే. మన ఊళ్లో ఆ మాటకి అర్థం గవర్నమెంటు ఫీజు కట్టడం. పెద్ద పెద్ద ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీల బ్రోచర్లలో అదే మాటకి అర్థం డిస్కౌంట్. "మీ వాడికి 50 శాతం స్కాలర్‌షిప్ వచ్చింది" అని ఫోన్ చేస్తారు. ఇంట్లో పండగ చేసుకుంటారు. రెండు లక్షల ఫీజులో సగం తగ్గిస్తే ఇంకా లక్ష ఉంటాది, ఆ లక్ష ఎవరు కడతారో ఆ ఫోన్లో చెప్పరు. డీమ్డ్ యూనివర్సిటీలో వాళ్ల సొంత పరీక్ష రాసి, నేరుగా చేరితే మన రీయింబర్స్‌మెంట్ వర్తించదు. కొన్ని ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ ద్వారా ఇస్తున్నారు, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లోనే వాటి పేర్లు కనపడుతున్నాయి. అక్కడ ఆ దారిలో వెళ్తే వస్తాది, అదే యూనివర్సిటీలో మిగతా దారిలో వెళ్తే రాదు. మళ్లీ అదే, ఏ దారిలో వచ్చావన్నదే.

భీమవరం దగ్గరే తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్‌ఐటీ ఉంది. మన ఏజెన్సీ నుంచి భీమవరం వచ్చే బస్సులో మేం ఆ ఊరి మీదుగానే వస్తాం. ఎన్‌ఐటీల్లో, ఐఐటీల్లో ఎస్టీ పిల్లలకి ట్యూషన్ ఫీజే ఉండదు. అలాంటి పెద్ద సంస్థల్లో చదివే ఎస్టీ పిల్లల కోసం కేంద్రం వేరే స్కాలర్‌షిప్ ఇస్తాది, దానికి ఆదాయ పరిమితి 6 లక్షలు. పీహెచ్‌డీకి ఏడాదికి 750 మందికి ఫెలోషిప్ ఉంది. విదేశాల్లో చదవడానికి ఎస్టీలకి ఏడాదికి 20 సీట్లు, అందులో 3 కొండరెడ్ల లాంటి ఆదిమ గిరిజన సమూహాలకి. ఆ 20లో మన కొండల నుంచి ఎవరైనా వెళ్లారేమో అని మా గదిలో చర్చ నడిచింది. మాకు తెలిసిన ఊళ్లల్లో అయితే ఎవరూ లేరు. లక్ష మిగిలే డిస్కౌంట్ గురించి ఊరంతా తెలుసు, ఇవి ఉన్నాయని తెలియదు.

ఇప్పుడు కోర్సు సంగతి. భీమవరం బస్టాండ్ నుంచి జువ్వలపాలెం రోడ్డు దాకా నడిస్తే గోడల మీద ఎన్ని బోర్డులో. ఫైర్ అండ్ సేఫ్టీ, హోటల్ మేనేజ్‌మెంట్, ఎయిర్ హోస్టెస్, ఆక్వా టెక్నీషియన్, హార్డ్‌వేర్ నెట్‌వర్కింగ్. మూడు నెలలు, ఆరు నెలలు, "వంద శాతం జాబ్ గ్యారంటీ." ఇవి పనికిరానివని మేం అనం. రొయ్యల చెరువుల మీద నీళ్ల పరీక్షలు చేసుకుంటూ బతికే కుర్రాళ్లు ఆరు నెలల కోర్సు చేసినవాళ్లే ఉన్నారు. కానీ వీటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఆక్వాకల్చర్ అయితే వస్తాది. రెండింటిలోనూ చెప్పేది రొయ్య గురించే. తేడా అంతా కోర్సు వెనక ఎవరున్నారన్నది. యూనివర్సిటీ, ఏఐసీటీఈ, నర్సింగ్ కౌన్సిల్, పారామెడికల్ బోర్డు, ఐటీఐకి ఎన్‌సీవీటీ, ఇలా ఏదో ఒక అధికారిక సంస్థ ఆ కోర్సుని గుర్తించి ఉండాలి. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరే చెల్లెళ్లు దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఆసుపత్రి పెద్దదే, కోర్సు పేరు నిజమైనదే, గుర్తింపు మాత్రం ఉండకపోవచ్చు. అప్పుడు స్కాలర్‌షిప్ పోవడం చిన్న నష్టం, ఆ సర్టిఫికెట్‌తో గవర్నమెంటు ఉద్యోగానికి అప్లై చేయలేకపోవడం పెద్ద నష్టం.

కేంద్రం గైడ్‌లైన్స్ మాలో ఒకడు మొత్తం చదివాడు. అందులో ఏ కోర్సులకి ఇవ్వరో ఒక జాబితా ఉంది. చదువుతుంటే నవ్వొచ్చింది. ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్ కోర్సు, ప్రైవేట్ పైలట్ లైసెన్స్, డెహ్రాడూన్ మిలిటరీ కాలేజీ, ఇంకా డఫ్రిన్ అనే శిక్షణ ఓడ, అదే ఇప్పుడు రాజేంద్ర అని కూడా రాసి ఉంది. డఫ్రిన్ ఓడ పనిలోంచి పోయి యాభై ఏళ్లు దాటింది. వేలేరుపాడు నుంచి పడవ దాటి వచ్చిన మనోడికి ఆ ఓడ ఎక్కితే స్కాలర్‌షిప్ రాదని ఇప్పటికీ రూల్ ఉంది. తమాషా ఏంటంటే ప్రైవేట్ పైలట్‌కి రాదు గానీ కమర్షియల్ పైలట్‌కి వస్తాది, అదీ అన్నిటికంటే పై గ్రూపులో. అదే జాబితాలో నవ్వు రానిది ఒకటుంది. పోటీ పరీక్షల ముందు శిక్షణ ఇచ్చే కేంద్రాలకి ఇవ్వరు. అంటే గ్రూప్-2, కానిస్టేబుల్, డీఎస్సీ కోచింగులకి ఈ డబ్బు రాదు. డిగ్రీ అయ్యాక మనవాళ్లు ఎక్కువ ఖర్చు పెట్టేది దానికే. దానికి ఐటీడీఏ పెట్టే ఉచిత శిక్షణ కోసం ఎదురు చూడాల్సిందే.

మెట్ల రూల్ ఒకటి ఉంది. స్కాలర్‌షిప్ పైకి ఎక్కేవాళ్లకే, పక్కకి జరిగేవాళ్లకి కాదు. బీఏ అయ్యాక బీకాం చేస్తే రాదు. ఒక ఎంఏ అయ్యాక ఇంకో సబ్జెక్టులో ఎంఏ చేస్తే రాదు. పాలిటెక్నిక్ నుంచి బీటెక్‌కి పోవచ్చు, డిగ్రీ నుంచి బీఈడీకి పోవచ్చు. ఈ రూల్ మీద మాలో మాకే గొడవ. కొందరు న్యాయమే అంటారు, ఒకడు రెండు డిగ్రీలు చేస్తే ఇంకొకడికి ఒకటి కూడా దక్కదు కదా అని. మిగతావాళ్లం ఒప్పుకోం. మొదటి తరం పిల్లలకి పదిహేడేళ్ల వయసులో ఏ కోర్సు ఎందుకో చెప్పే మనిషి ఇంట్లో ఉండడు. పక్కోడు చేరాడని చేరతాం. డాక్టర్ కొడుక్కి దారి మార్చుకోవడానికి సొంత డబ్బు ఉంటాది, మనకి ఉండదు. అందుకే మొదటి మెట్టు మీద కాలు పెట్టేముందే అడగమని ఇంతమందికి చెప్తున్నాం.

పీజీ దగ్గర అసలు గోడ వచ్చింది. 2020 డిసెంబర్ 25న జీవో 77 ఇచ్చారు. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకి విద్యా దీవెన, వసతి దీవెన ఆపేశారు. ప్రభుత్వ, యూనివర్సిటీ కాలేజీల్లో అయితే ఉంది. దాన్ని రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి, 2024 ఎన్నికల ముందు రద్దు చేస్తామన్న హామీ కూడా వచ్చింది. ఇప్పుడు పీజీకి వెళ్తున్నవాళ్లు ఆ ఏడాది ఉత్తర్వు ఏమని ఉందో చేరకముందే సచివాలయంలో కాగితం మీద అడిగి తెలుసుకోండి, హామీని నమ్మి చేరకండి.

ఈ జీవో మా హాస్టల్లో ఎలా పని చేసిందో ఒక అక్క కథ చెప్తాది. పాపికొండల లోపలి కొండరెడ్డి ఊరు ఆమెది. ప్రాజెక్టు ముంపులో ఊరు లేచి వచ్చేసింది. భీమవరంలో డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసయ్యి ఇక్కడే ఎమ్మెస్సీ చేద్దామనుకుంది. సాయంత్రం ట్యూషన్లు చెప్పి నెలకి కొంత ఇంటికి పంపుతోంది, అది ఆగకూడదని. ఇక్కడ ఆమెకి కుదిరిన పీజీ కాలేజీ ప్రైవేటుది. చివరికి రాజమండ్రిలో ఆదికవి నన్నయ యూనివర్సిటీలో చేరింది. అక్కడ బాగా చదువుతోంది, ల్యాబులు ఇక్కడికంటే బావున్నాయంటోంది. మరి నష్టం ఏంటి అని అడుగుతారేమో. ట్యూషన్లు పోయాయి. ఇంటికి డబ్బు ఆగింది. వాళ్ల తమ్ముడు ఇంటర్ రెండో ఏడాది మధ్యలో కోళ్ల ఫారంలో పనికి చేరాడు. ఏ లెక్కలో చూసినా అక్కకి స్కాలర్‌షిప్ వస్తున్నట్టే ఉంటాది. తమ్ముడు ఏ లెక్కలోనూ కనపడడు.

తిండి డబ్బుకి కూడా కోర్సే కొలత. వసతి దీవెనలో ఏడాదికి ఐటీఐకి 10 వేలు, పాలిటెక్నిక్‌కి 15 వేలు, డిగ్రీ ఆపైన 20 వేలు పెట్టారు. కేంద్రం లెక్క ఇంకా విచిత్రం. కోర్సులని నాలుగు గ్రూపులు చేసి, 2010లో పెట్టిన రేట్ల ప్రకారం హాస్టల్లో ఉండే మెడిసిన్, ఇంజనీరింగ్ పిల్లలకి నెలకి 1,200, మామూలు డిగ్రీకి 570, ఇంటర్, ఐటీఐ పిల్లలకి 380 రూపాయలు. మా గదిలో ఇంజనీరింగ్ వాడు, డిగ్రీ వాడు, పాలిటెక్నిక్ వాడు ఒకే గిన్నెలోది తింటాం. పాలిటెక్నిక్ వాడే ఎక్కువ తింటాడు. ఐటీఐ కుర్రాడికి ఆకలి డిగ్రీ కుర్రాడిలో సగమే అని ఎవరు కొలిచారో మాకు చూడాలనుంది.

డబ్బు ఎవరి ఖాతాలో పడతాదన్నది కూడా మారుతూ వచ్చింది. 2021లో తల్లుల ఖాతాల్లో వేశారు. మా అమ్మలకి మొదటిసారి బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది అప్పుడే. చదవడం రాక మాకే ఫోన్ చేశారు. ఇప్పుడు ఫీజు మళ్లీ నేరుగా కాలేజీ ఖాతాకే వేస్తున్నారు. ఎవరి ఖాతాలో పడ్డా, ఆలస్యమైతే హాల్ టికెట్ దగ్గర నిలబడేది మేమే. కానీ అది వస్తాదని తెలిసిన డబ్బు కోసం ఎదురుచూపు. అర్హత లేని సీటులో చేరినవాడి ఎదురుచూపు వేరు, వాడు రానిదాని కోసం మూడేళ్లు చూస్తాడు.

ఆఫీసుల విషయంలో ఒక చిక్కు చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు భీమవరం పశ్చిమ గోదావరి జిల్లాకి కేంద్రం అయ్యింది. మన ఏజెన్సీ మండలాలు, కె.ఆర్.పురం ఐటీడీఏ ఏలూరు జిల్లాకి పోయాయి. అంటే కాలేజీ ఒక జిల్లాలో, కులం ఆదాయం కాగితాలు ఇంకో జిల్లాలో. ఇంటికి పోయి రావాలంటే తాడేపల్లిగూడెంలో ఒక బస్సు, జంగారెడ్డిగూడెంలో ఒక బస్సు మారాలి, ఒక రోజు క్లాసులు పోతాయి. కాబట్టి ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే రేషన్ కార్డులో పేరు, ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని రండి. కుక్కునూరు, వేలేరుపాడు వాళ్లు 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉన్నారు కాబట్టి భద్రాచలం కాలేజీలకి పోవడం అలవాటు. ఇప్పుడు అది వేరే రాష్ట్రం. కేంద్రం గైడ్‌లైన్స్ ప్రకారం స్కాలర్‌షిప్ ఇవ్వాల్సింది విద్యార్థి సొంత రాష్ట్రం, చదివే రాష్ట్రం కాదు. భద్రాచలంలో చేరేవాళ్లు తెలంగాణ ఇస్తాదని అనుకోకుండా, మన వైపు ఎలా అప్లై చేయాలో ముందే ఐటీడీఏలో కనుక్కోండి.

చివరగా, మేం ఇంకా తేల్చుకోలేకపోతున్న విషయం ఒకటి. దూరవిద్య. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలైందే కాలేజీకి పోలేని వాళ్ల కోసం. విద్యా దీవెన షరతుల్లో దూరవిద్యకి లేదని స్పష్టంగా రాశారు. కేంద్రం గైడ్‌లైన్స్‌లో మాత్రం ఉంది. కరెస్పాండెన్స్, దూరవిద్య చదివే ఎస్టీలకి కోర్సు ఫీజు, దానితో పాటు పుస్తకాలకి ఏడాదికి 1,200 రూపాయలు ఇవ్వొచ్చని 2010 రేట్లలోనే ఉంది. 75 పైసలు ఇచ్చేవాడు సరే అంటున్నాడు, 25 పైసలు ఇచ్చేవాడు కాదంటున్నాడు.

మా ఊరి వైపు ఒక వదిన భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి వస్తాది. ఐస్ నీళ్లలో చేతులు పెట్టి పెట్టి వేళ్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. ఇంటర్ పాసయ్యింది, ఇద్దరు పిల్లలు. అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పోస్టుకి డిగ్రీ కావాలని తెలిసి ఓపెన్‌లో చదువుతానంటోంది. రెగ్యులర్ కాలేజీలో కన్వీనర్ సీటైతే ఆమెకి ఫీజు వస్తాది, కానీ ఆమె పోలేదు. పోగలిగిన దానికి రాదు. కేంద్రం గైడ్‌లైన్స్‌లో ఆ పేరా జిరాక్స్ తీసి, దాని కింద ఆమె పేరుతో అర్జీ రాసి, సంతకం తనే పెట్టి, పోయిన నెల సంబంధిత ఆఫీసులో ఇచ్చాం. రసీదు తీసుకున్నాం. అడ్మిషన్ ఫీజు గడువు ఇంకా పద్దెనిమిది రోజులుంది. జవాబు ఏది వచ్చినా ఇక్కడే రాస్తాం. ఇలాంటి అర్జీ ఇంతకుముందు ఎవరైనా పెట్టి ఉంటే, ఏమన్నారో మాకు చెప్పండి.